చప్పుడు మింగే దిమ్మ

వైద్య పరికరాల సంస్థలో చప్పుడును మింగే వస్తువు ఏదైనా సరే, దానికి ఒకటే ఫారం. నలభై మూడో నంబరుది. సినిమా హాలు గోడలకు కొట్టే అట్టలైనా, జనరేటరు గదికి వేసే దూది పరుపులైనా, ఆ ఫారం నింపి నాణ్యతా సంఘం ముందు పెట్టాల్సిందే. సూదులూ స్కానింగ్ యంత్రాలూ తయారుచేసే చోట సినిమా హాళ్ళ ఊసెందుకని ఎవరూ అడగలేదు. ఆ నిబంధనల పుస్తకం ఏదో పాత శాఖ మూతపడితే అక్కణ్ణుంచి బల్లలతో, కుర్చీలతో కలిసి వచ్చింది. అట్ట చిరిగితే కొత్త అట్ట వేయించారు గానీ లోపలి కాగితాల జోలికి ఎవరూ పోలేదు.

ఫారంలో పదిహేడు గళ్ళున్నా అసలు సంగతి చివరి గడిలో ఉంటుంది. 'సదరు పదార్థమును అమర్చక పూర్వము, అమర్చిన పిదప, సభ్యుల చెవికి తేడా తెలిసినదా?' తెలిసినది అంటే పాసు. తెలియలేదు అంటే ఫెయిలు. అంతకన్నా తేలిక ప్రశ్న ఉండదనీ, ఆ ఫారం రాసినవాడు గొప్ప బుద్ధిమంతుడనీ సంఘం వారి నమ్మకం.

హైమ ఈ సంస్థలో చేరి రెండేళ్ళయింది. ఆమె తయారుచేసే వస్తువు రెండు వేళ్ళ వెడల్పుంటుంది. స్కానింగ్ చేసేటప్పుడు జెల్ రాసి పొట్ట మీద ఆనించే పరికరం ఉంటుంది కదా, దాన్ని ప్రోబ్ అంటారు. దాని మూతి దగ్గర పల్చటి స్ఫటికం ఉంటుంది. కరెంటు తగలగానే అది కంపించి చప్పుడు పుట్టిస్తుంది. ఆ చప్పుడు కడుపులోకి పోయి, తగలాల్సినచోట తగిలి తిరిగొస్తే, దాన్నిబట్టి యంత్రం బొమ్మ గీస్తుంది. చిక్కేమిటంటే, స్ఫటికం ముందుకే కాదు, వెనక్కి కూడా మోగుతుంది. పైగా ఒకసారి మొదలెడితే ఓ పట్టాన ఆపదు. అది మోగుతూ ఉండగానే తిరిగొచ్చిన చప్పుడు దాంట్లో కలిసిపోతే బొమ్మంతా అలికేసినట్టుంటుంది. అందుకని స్ఫటికం వీపుకి ఒక దిమ్మ అంటిస్తారు. జిగురులో టంగ్‌స్టన్ పొడీ, కాస్త రబ్బరు పొడీ కలిపి, ఒక్క గాలి బుడగ లేకుండా పోతపోసిన దిమ్మ. వెనక్కి పోయిన చప్పుణ్ణి అది మింగి కూర్చుంటుంది.

ఈ సంగతి హైమకు కాలేజీలో చెప్పకముందే తెలుసు. వాళ్ళ ఊరి బడిలో గంటంటే వరండా దూలానికి వేలాడే రైలు పట్టా ముక్క. మూడో తరగతి నుంచీ దాన్ని కొట్టే పని హైమదే. కొట్టి వదిలేస్తే అది ఎంతసేపటికీ మోగుతూనే ఉంటుంది, మాస్టారు పిలిచిన హాజరు వినబడదు. కొట్టగానే అరచేత్తో పట్టుకోవాలి. అప్పుడు 'టంగ్' అనబోయినది 'టక్'మని ఊరుకుంటుంది. ఆ అరచెయ్యి చేసిన పనే ఈ దిమ్మా చేస్తుంది. ఎక్కువ మాట్లాడే అలవాటు లేని హైమకు చప్పుణ్ణి ఎక్కడ ఆపాలో బాగా తెలుసు.

ఆ మార్చి నెలలో ఆమె బల్ల మీద పన్నెండు ప్రోబ్‌లు దిమ్మ ఒక్కటే తక్కువై కూర్చున్నాయి. కొండ ప్రాంతంలోని పన్నెండు ఆసుపత్రులకు వెళ్ళాల్సినవి. దిమ్మ కొత్త పాళ్ళతో చేసింది కాబట్టి దానికి ధ్రువీకరణ కావాలి. ధ్రువీకరణ లేకపోతే స్టోర్సు వాళ్ళు పెట్టెకు ముద్ర వెయ్యరు.

పాలగెడ్డ ఆసుపత్రి నుంచి సిస్టర్ ఎస్తేరు ప్రతి సోమవారం ఫోన్ చేసేది.

"ఏటమ్మా హైమా, మా డబ్బా బయల్దేరిందా?"

"ఇంకా లేదు సిస్టర్. పరీక్ష అవ్వాలి."

"ఇక్కడున్న ప్రోబ్‌తో చూస్తే బిడ్డ తలేదో, తల్లి తుంటేదో తెలీట్లేదమ్మా. వర్షం పడ్డ గాజు కిటికీలోంచి చూసినట్టుంది. డాక్టరుగారు అందర్నీ పట్నం పొమ్మంటున్నారు. అరవై మైళ్ళు బస్సులో ఎవరెళ్తారు? మా జిలకమ్మకి నాలుగో నెల. మొదటి కాన్పులో నెత్తురు పోయి బిడ్డ దక్కలేదు. ఈసారి లోపల ఏటుందో ముందే చూడాలి. వానలు పడితే గెడ్డ పొంగుతాది, ఆ పిల్ల కొండ దిగలేదు."

"వానలకి ముందే పంపిస్తాను సిస్టర్."

"రాసుకున్నాను మరి," అంది ఎస్తేరు. ఆమె నిజంగానే రాసుకునే మనిషి. ఆసుపత్రి గోడకున్న కేలండరులో జూన్ పేజీ మీద 'హైమ డబ్బా' అని ఎర్ర సిరాతో రాసిపెట్టుకుంది.

పరీక్ష రోజున సంఘం సమావేశ మందిరంలో కొలువుతీరింది. మందిరం పాతకాలంది. ఎదురెదురు గోడలకు కొబ్బరి పీచు అట్టలు, వాటి మీద మెరూన్ రంగు లావుపాటి తెరలు. అక్కడ ఎవరు మాట్లాడినా మాట బుద్ధిగా నడిచొచ్చి చెవిలో కూర్చునేది.

అధ్యక్షులు చంద్రచూడరావు గారిది సన్నటి గొంతు. పెద్ద పదవికి చిన్న గొంతు వచ్చిందన్న బాధ ఆయనకు ఉండేది. కుడివైపు కుటుంబయ్య గారు భవనాల శాఖలో రిటైరై వచ్చిన ఇంజనీరు. ఏ వస్తువును చూసినా అది ఎన్ని చదరపు అడుగులని అడుగుతారు. ఎడమవైపు న్యాయ సలహాదారు నళినాక్షి గారు. మూలన, నిబంధనల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని సెక్షన్ సూపరింటెండెంటు త్రినాథ్ గారు. అడగనిదే ఆయన పెదవి విప్పరు, అడిగితే నిబంధన నంబరు చెబుతారు.

హైమ యంత్రానికి తెర తగిలించి, దాని మీద చప్పుడుతోపాటు లేచి పడే గీతను చూపించబోయింది.

"అమ్మాయ్, అది తియ్యి," అన్నారు చంద్రచూడరావు గారు. "ఫారంలో చెవి అని ఉంది. కన్ను అని లేదు."

ముగ్గురూ ఏకాగ్రత కోసం కళ్ళు మూసుకున్నారు. ముందు దిమ్మ లేకుండా మోగించమన్నారు. హైమ మీట నొక్కింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి అధ్యక్షులు ఒక కన్ను తెరిచారు.

"ఇంకా మొదలుపెట్టలేదా?"

"మోగుతోందండి."

"ఎప్పట్నుంచి?"

"మీరు కళ్ళు మూసుకున్నప్పట్నుంచి."

"నాకేం వినబడలేదే."

"మనుషులకు వినబడదండి. ఇది సెకనుకు ముప్పై అయిదు లక్షల సార్లు కంపిస్తుంది. మన చెవి ఇరవై వేల దగ్గర ఆగిపోతుంది."

"ఎవరి చెవి?" అన్నారు కుటుంబయ్య గారు. "ఉన్నతాధికారుల చెవి కూడానా?"

"అందరిదీనండి."

నళినాక్షి గారు కలం మూత తీశారు. "వినబడనిదానిని సదరు చప్పుడుగా నిర్వచించవచ్చునా అనేది సంఘం ముందున్న మౌలిక ప్రశ్న."

దిమ్మ అంటించి మళ్ళీ మోగించమన్నారు. హైమ మోగించింది. మళ్ళీ ఫ్యాను చప్పుడే.

"ముందూ ఏమీ లేదు, తర్వాతా ఏమీ లేదు," అని కుటుంబయ్య గారు తేల్చారు. "తేడా సున్నా."

అధ్యక్షులు 'తెలియలేదు' దగ్గర టిక్కు పెట్టారు. హైమ బడి గంట సంగతీ అరచెయ్యి సంగతీ నెమ్మదిగా వివరించింది. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. విన్నాక చంద్రచూడరావు గారు కాస్త ముందుకు వంగారు.

"అంతా బాగానే ఉందిగానీ, ఆ పట్టా ముక్క మీ బడికెలా వచ్చింది? రైల్వే వారి అనుమతి ఉందా?"

హైమకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా మినిట్సులోకి ఎక్కింది.

"పోనీ, ఈ చప్పుడు వినగలిగే ప్రాణి లోకంలో ఏదీ లేదా?" అన్నారు అధ్యక్షులు, కాస్త జాలిపడి.

అబద్ధం చెప్పడం అలవాటు లేకపోవడం హైమ చేసిన తప్పు. "గబ్బిలాలకు మనకంటే చాలా ఎక్కువ వినబడుతుందండి. అయినా ఇంత..." అంటూ ఉండగానే త్రినాథ్ గారి కలం కదిలిపోయింది. 'గబ్బిలమును ప్రత్యేక ఆహ్వానితునిగా పిలుచుటకు గల సాధ్యాసాధ్యములను పరిశీలించవలెనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.'

గబ్బిలం విషయమై నెల గడిచిపోయింది. అటవీ శాఖకు ఉత్తరం వెళ్ళింది. పండ్లు తినేదా, పురుగులు తినేదా, పదవీకాలం ఎంత అని వాళ్ళు తిరిగి రాశారు. సభలో తలకిందులుగా వేలాడే సభ్యుణ్ణి ఆసీనుడైనట్టు పరిగణించలేమని నళినాక్షి గారు ఆరు పేజీల అభిప్రాయం ఇచ్చారు. పాత బంగళాల్లోంచి గబ్బిలాలను తరిమిన అనుభవం తనకు ముప్పై ఏళ్ళు ఉందనీ, పిలిచి కూర్చోబెట్టిన అనుభవం మాత్రం లేదనీ కుటుంబయ్య గారు విన్నవించుకున్నారు. గబ్బిలం చెవి కూడా లక్ష, రెండు లక్షల దగ్గరే ఆగిపోతుందని హైమ కాగితం రాసి పంపింది. దానికి 'అర్హతలో సడలింపు ఇవ్వవచ్చును' అని అధ్యక్షులు పక్కన రాశారు.

చివరికి సంతకం దగ్గర ఆగిపోయింది. చెవికి తేడా తెలిసినదీ లేనిదీ ధ్రువీకరిస్తూ సంతకం చెయ్యాలి.

"సంతకం రానివాళ్ళ చేత వేలిముద్ర వేయిస్తాం కదండీ," అన్నారు కుటుంబయ్య గారు. "దీనికి బొటనవేలుంటుందా?"

అందరూ హైమ వైపు చూశారు. గబ్బిలం రెక్క మీద బుల్లి బొటనవేలు ఉంటుందని హైమకు తెలుసు. ఈసారి ఆమె నోరు విప్పలేదు.

ఏప్రిల్ గడిచిపోయింది. ఫోన్లో ఎస్తేరు గొంతులో వేళాకోళం తగ్గింది.

"జిలకమ్మకి అయిదో నెల పెట్టిందమ్మా. రాత్రి కాస్త నెత్తురు కనబడిందట, ఆగింది. నేను కళ్ళతో చూడగలిగింది చెప్పగలను గానీ లోపల ఏటుందో నాకేటి తెలుస్తాది? నీ పరీక్షకి అడ్డం ఎవరమ్మా?"

"గబ్బిలం, సిస్టర్."

"నాకు సరిగా వినబడలేదులే," అంది ఎస్తేరు.

మే మొదటి వారంలో కుటుంబయ్య గారు సంఘాన్ని గట్టెక్కించారు. తన పాత శాఖ పద్ధతిలో ఫారాన్ని మొదటి గడి నుంచీ చదివితే, నాలుగో గడి దగ్గర దొరికింది. 'నమూనా వైశాల్యము రెండు వందల చదరపు అడుగులకు తక్కువ కాకూడదు. దానిని కనీసం ముప్పైమంది కూర్చొను హాలునందు అమర్చవలెను.'

"తప్పు మన చెవులది కాదండీ," అన్నారాయన, విజయం సాధించినవాడిలా. "తప్పు నమూనాది. రెండు వేళ్ళ ముక్క తెచ్చి వినమంటే ఎవడికి వినబడుతుంది?"

"పెద్దదైతే మాత్రం..." అని హైమ మొదలుపెట్టింది.

"అమ్మాయ్, ఉత్సాహం ఉండాలి," అన్నారు అధ్యక్షులు. "చిన్నది కాస్త మింగితే, పెద్దది పెద్దగా మింగదా? మన మందిరంలోనే అమర్చుదాం."

అలా ఆ మే నెలంతా హైమ పలకలు పోసింది. అదే జిగురు, అదే టంగ్‌స్టన్, అవే పాళ్ళు. అడుగులో సగం పొడవు, సగం వెడల్పు, రెండు వేళ్ళ మందం. మొత్తం ఎనిమిది వందల పలకలు. ఒక్కో పలక ఇనుప దిమ్మంత బరువు. పోతపోసిన ప్రతి పలకనూ ఆమె గోటితో కొట్టి చూసేది. 'టక్'మంటే పక్కన పెట్టేది, 'టంగ్'మంటే లోపల బుడగ ఉందని పారేసే డబ్బాలో వేసేది. గోడకు కొట్టే పలకకు అంత శ్రద్ధ దేనికని తోటివాళ్ళు నవ్వారు. చేతకానట్టు చెయ్యడం ఆమెకు చేతకాదు, అంతే.

పలకలు అంటించాలంటే గోడ ఖాళీగా ఉండాలి. అందుకని అటెండరు ఎర్రయ్య నిచ్చెన వేసి, మెరూన్ తెరలూ కొబ్బరి పీచు అట్టలూ మొత్తం ఊడదీసి మెట్ల కింది గదిలో పడేశాడు.

"ఇన్నేళ్ళు వీటికి దుమ్ము దులిపాను పాపా," అన్నాడు హైమతో, మూట మోస్తూ. "ఇవి పాపం ఏం చేశాయని తీసేశారు?"

"చప్పుడు మింగాయి ఎర్రయ్య గారూ."

"మరి ఇప్పుడు పెట్టేవో?"

"గాల్లో వచ్చే చప్పుణ్ణి మింగలేవు. గట్టి రాయిలాంటివి. మోగేదాని ఒంటికి ఆనిస్తేనే మింగుతాయి."

ఎర్రయ్య తాపీ మేస్త్రుల వైపూ, గోడ వైపూ చూసి తల ఊపాడు. ఈ ఆఫీసులో ఆయన సర్వీసు ఇరవై ఆరేళ్ళు. ఇంకేం అడగలేదు.

జూన్ మూడో తేదీన పరీక్ష. సంఘం కూర్చుంది. నల్లగా నిగనిగలాడుతున్న రెండు గోడలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. చంద్రచూడరావు గారు గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు ఒక గోడకు తగిలి, రెండో గోడకు తగిలి, మళ్ళీ మొదటి గోడకు తగిలి, సింహం ఆవలించినట్టు తిరిగొచ్చింది.

ఆయన ఆగిపోయారు. నెమ్మదిగా, "సభ ప్రారంభమైనది," అన్నారు.

'మైనది, మైనది, మైనది' అంది మందిరం.

ఆయన ముఖం మీద ఏదో వెలుగు వచ్చింది. అరవై ఏళ్ళుగా ఆయన ఎదురుచూస్తున్న గొంతు అది. ఇంకోసారి అన్నారు. మూడోసారి అవసరం లేకపోయినా అన్నారు.

కుటుంబయ్య గారు చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. "పూర్వం కంటే మోత పెరిగినట్టుంది కదండీ," అన్నారు. ఆయన మాట మందిరమంతా తిరిగి తిరిగి వచ్చేసరికి అది ఎవరన్నారో కూడా తెలియకుండా పోయింది.

"త్రినాథ్ గారూ, ఫారంలో ఖచ్చితంగా ఏమని ఉంది?" అని నళినాక్షి గారు అడిగారు.

త్రినాథ్ గారు లేచి, ఒక్కో మాటకు మధ్య గోడలు సద్దుమణిగేదాకా ఆగి చదివారు. "తేడా. తెలిసినదా. తెలిసినది. తెలియలేదు."

"తగ్గినదా, పెరిగినదా అని ఉందా?"

"లేదండి."

"అయితే సదరు తేడా తెలిసినది," అన్నారు నళినాక్షి గారు. ఆమె చెవులే కాదు, పళ్ళు కూడా జివ్వుమంటున్నాయి. తేడా తెలియలేదని ఆమె ప్రమాణం చేసి కూడా చెప్పలేరు.

అధ్యక్షులు 'తెలిసినది' దగ్గర టిక్కు పెట్టారు. హైమ చేసిన పదార్థం చప్పుడును పీల్చును అని ధ్రువీకరణ పత్రం మీద ముగ్గురూ సంతకం చేశారు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేసరికి టీ చల్లారిపోయింది.

పత్రం పట్టుకుని హైమ స్టోర్సుకి పరుగెత్తినంత పని చేసింది. స్టోర్సు గుమాస్తా దాన్ని చదివి, వెనక్కి ఇచ్చేశాడు.

"పాసయింది గోడ, అమ్మా. నీ చిన్న దిమ్మ కాదు. ఇదుగో చూడు, 'మందిరపు గోడకు అమర్చిన పదార్థము' అని ఉంది. కొత్తగా దిమ్మ పోస్తే దానికి మళ్ళీ నలభై మూడో ఫారం."

హైమ నేరుగా త్రినాథ్ గారి బల్ల దగ్గరకు వెళ్ళి నిలబడింది. బయట ఆకాశం మబ్బేసి ఉంది. పాలగెడ్డ వైపు అప్పటికే ఒక వాన పడిందని పొద్దున ఎస్తేరు చెప్పింది. జిలకమ్మకు ఏడో నెల దగ్గరపడుతోంది.

"ఏమిటమ్మా?" అన్నారు త్రినాథ్ గారు, తల ఎత్తకుండా.

"పాసయిన గోడలోంచి ఒక ముక్క కోస్తే, ఆ ముక్క పాసయినట్టా, కానట్టా అండీ?"

త్రినాథ్ గారు అప్పుడు తలెత్తారు. ఆయన సర్వీసులో ఎవరూ ఆయన్ను ఇలా ఒక నిబంధనకు సరిగ్గా సరిపోయే ప్రశ్న అడగలేదు. పుస్తకం తెరవకుండానే చెప్పారు.

"పద్నాలుగో నిబంధన. 'ధ్రువీకృత పదార్థమునుండి తయారీదారు కోరినన్ని నమూనా ముక్కలను కోసి ఇవ్వవలెను. సదరు ముక్కలకు మూల పదార్థపు ధ్రువీకరణమే వర్తించును.' అర్జీ పెట్టాలి. అధ్యక్షుల సంతకం కావాలి."

"కోరినన్ని అంటే ఎన్నండీ?"

"కోరినన్ని," అన్నారు త్రినాథ్ గారు. మీసం కింద చిన్న నవ్వు వచ్చి, వెంటనే విధుల్లో చేరిపోయింది.

హైమ అర్జీలో దాపరికం లేకుండా రాసింది. 'పన్నెండు పలకలు, ప్రోబ్‌ల తయారీ నిమిత్తం.' చంద్రచూడరావు గారు ఆ వేళ మందిరంలో ఒంటరిగా కూర్చుని పాత మినిట్సు పైకి చదువుకుంటున్నారు. అలా చదువుకోవడం ఆయనకు కొత్తగా అలవాటైంది. చదువు మధ్యలో ఆపకుండానే సంతకం పెట్టేశారు.

ఎర్రయ్య ఉలి తెచ్చి, అధ్యక్షుల కుర్చీ వెనక కనబడనిచోట పన్నెండు పలకలు ఊడదీశాడు. హైమ ఒక్కో పలకలోంచి బాగా కుదిరిన నడిమి ముక్కను మాత్రం వజ్రపు రంపంతో కోసి, వంపు తిప్పి, నూరి, ప్రోబ్‌లకు అంటించింది. యంత్రం తెర మీద గీత ఒక్కసారి లేచి, బుద్ధిగా కూర్చుంది. స్టోర్సు గుమాస్తా పత్రం మీద 'గోడ' అన్న మాటనూ పెట్టె మీద 'గోడ ముక్క' అన్న మాటనూ రెండుసార్లు సరిచూసుకుని ముద్ర వేశాడు.

"గోడకు గుంటలు కనబడుతున్నాయి పాపా," అన్నాడు ఎర్రయ్య. "అసహ్యంగా ఉంది. పాత అట్ట ముక్కలు ఉన్నాయిగా, కప్పేస్తాను."

"కప్పెయ్యండి ఎర్రయ్య గారూ."

జూన్ ఇరవై రెండున ఎస్తేరు ఫోన్ చేసింది. సోమవారం కాదు.

"డబ్బా వచ్చిందమ్మా. నిన్ననే జిలకమ్మని మంచం మీద మోసుకొచ్చారు. డాక్టరుగారు పెట్టి చూశారు. బిడ్డ గుండె కొట్టుకోడం కూడా గింజంతది గింజంతగా కనబడిందమ్మా. దాంతోబాటు మావి కూడా కనబడింది. కిందకి దిగి బిడ్డ బయటికొచ్చే దారికి అడ్డంగా ఉంది."

"అయితే ఎలా సిస్టర్?"

"ఏటెలా? తెలిసిపోయింది గదా. నొప్పులొచ్చేదాకా కొండమీద కూచుంటే మొదటిసారిలాగే అయ్యేది. ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపించాం, గెడ్డ పొంగకముందే. అక్కడే ఉంచి, రోజులు నిండాక కోసి తీస్తారంట." కాస్త ఆగి అంది. "అవునమ్మా, పెట్టె మీద 'గోడ ముక్క' అని రాసుందేటి?"

"పెద్ద కథ సిస్టర్. తీరిగ్గా చెప్తాను."

పాలగెడ్డ ప్రోబ్ సంగతి కొండల్లో పాకిపోయింది. మిగతా ఆసుపత్రులు కూడా అడిగాయి. మొదట ముప్పై, తర్వాత డెబ్భై, తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలన్నిటికీ రెండేసి. హైమ ప్రతిసారీ అర్జీ పెట్టింది, ఎన్ని పలకలో, ఎందుకో రాసింది. అధ్యక్షులు ప్రతిసారీ సంతకం పెట్టారు. కాగితం సరిగ్గా ఉందో లేదో చూడటం సంఘం పని. గోడ సరిగ్గా ఉందో లేదో చూడటం సంఘం పని కాదు. పలక ఊడిన ప్రతిచోటా ఎర్రయ్య పాత పీచు అట్ట ముక్క కొట్టాడు. ముక్కలు ఎక్కువై గోడ చిరుగుల దుప్పటిలా కనబడటంతో, ఒక ఆదివారం మెట్ల కింది గదిలోంచి మెరూన్ తెరలు తెచ్చి, దుమ్ము దులిపి, మొత్తం కప్పేశాడు.

ఆ మధ్యకాలంలో సంఘం పని జోరుగా సాగింది. మోతలో ఎవరేమన్నారో ఎవరికీ తెలిసేది కాదు కాబట్టి అందరూ అన్నిటికీ ఒప్పుకునేవారు. అయితే పలకలు తగ్గేకొద్దీ అధ్యక్షుల గొంతు తగ్గింది. ఆగస్టులో సింహం పిల్లయింది. అక్టోబరుకి పిల్లి అయింది. ఆయన వేడినీళ్ళు తాగారు, మిరియాల పాలు తాగారు, గొంతు డాక్టరుకి చూపించుకున్నారు. గొంతు ఎప్పట్లాగే ఉందని డాక్టరు అంటే, ఆ డాక్టరుకు చెవి సరిగా లేదని ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్ళారు.

డిసెంబరు సమావేశంలో ఆయన "సభ ప్రారంభమైనది," అన్నారు. మాట సన్నగా, బుద్ధిగా నడిచి వెళ్ళి అందరి చెవుల్లో కూర్చుంది. మందిరం ఏమీ అనలేదు.

నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు వినబడింది.

కుటుంబయ్య గారు ముందుగా గ్రహించారు. "అధ్యక్షా, గమనించారా? మోత లేదు. పదార్థం పనిచేస్తోంది."

చంద్రచూడరావు గారు ఆ మాట గురించి ఆలోచించారు. లోపం తన గొంతులో లేదని తెలిశాక ఆయన ముఖం తేరుకుంది. నళినాక్షి గారు చెవి పక్కన చిటిక వేసి చూసుకుని తల ఊపారు. ఆ తర్వాత తీర్మానం రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. 'సదరు పదార్థము తొలుత కొంత మొండికేసినను, ఆరు మాసముల పిదప గోడకు అలవాటు పడి, చప్పుడును సంపూర్ణముగా పీల్చుచున్నదని సంఘం స్వయముగా విని సంతృప్తి చెందడమైనది. ఇట్టి గోడను ఇతర కార్యాలయములకు ఆదర్శముగా చూపవలెను.'

త్రినాథ్ గారు అక్షరం పొల్లుపోకుండా రాశారు. రాసి, నిబంధనల పుస్తకంలో కాగితం ముక్క ఒకటి పెట్టి మూశారు. ఆ కాగితం హైమ కిందటివారం పెట్టిన అర్జీ నకలు. 'మిగిలిన ఇరవై రెండు పలకలు, ప్రోబ్‌ల తయారీ నిమిత్తం.'

హైమను పిలిపించారు. తలుపు దగ్గర నిలబడ్డ ఎర్రయ్య ఆమెకు దారిచ్చి, తెర చివర కొంచెం లేచి ఉంటే వంగి సరిచేశాడు.

"చూశావా అమ్మాయ్," అన్నారు చంద్రచూడరావు గారు. "ఆనాడు నువ్వు రెండు వేళ్ళ ముక్క తెచ్చి మమ్మల్ని వినమన్నావు. మేం ఓపికపట్టి సరైన పద్ధతిలో పరీక్షించబట్టి కదా, దాని విలువ బయటపడింది. నువ్వే చెప్పు. పనిచేస్తోందా, లేదా?"

ఆ పొద్దునే ఎస్తేరు ఫోన్ చేసింది. కేలండరు మార్చే రోజులొచ్చాయి కదా, ఎర్ర సిరా పేజీ ఉంచాలా చింపాలా అని అడిగింది. పక్కన జిలకమ్మ నాలుగు నెలల పిల్ల ఏడుపు వినబడింది. సూదికని తీసుకొచ్చారట. అంత చిన్న గొంతులోంచి అంత చప్పుడెలా వస్తోందో చూడమ్మా అంటూ ఎస్తేరు ఫోను ఆ పిల్ల దగ్గర పెట్టి, ఎంతసేపటికీ తియ్యలేదు. హైమ కూడా ఆపమనలేదు.

ఆమె గోడ వైపు ఒకసారి చూసింది. తెరల వెనక పలక ఒక్కటి కూడా లేదు.

"పనిచేస్తోందండి," అంది హైమ. "అన్నిచోట్లా బాగా పనిచేస్తోంది."

ఎక్కడని వాళ్ళు అడగలేదు. ఫారంలో ఆ గడి లేదు.